ఇంటి ఫోనులో క్రొత్త ప్రయోగాలు



ఫోనులో ఇంటర్నెట్ చూచేందుకు మనలో అనేకులు వాడేది క్రోమ్ బ్రౌజరు. అందులో ఇంకా అందరికీ రాని క్రొత్త సదుపాయాలను ముందే వాడి చూచే మార్గమొకటి ఉన్నది. దానిని ఎవరు, ఎంతవరకు వాడవచ్చునో ఈ మాసం ఆలోచిద్దాం.

గూగుల్ సంస్థ 2008లో విడుదల చేసిన ఈ బ్రౌజరులో 'ఫ్లాగ్స్' అనే పేజీ ఉన్నది. ప్రయోగదశలోనున్న సదుపాయాలు అక్కడ వరుసగా కనబడతాయి. వాటిని ఒక్కొక్కటిగా ఆన్ చేయవచ్చు, ఆఫ్ చేయవచ్చు. అయితే ఆ పేజీలోనే ఒక హెచ్చరిక కూడా ఉన్నది: వీటిని వాడితే బ్రౌజరులోని సమాచారం పోవచ్చును, భద్రతకు, గోప్యతకు భంగం కలుగవచ్చును అని. తయారు చేసినవారే ఇలా చెప్పుచుండగా మనం తేలికగా తీసుకొనరాదు గదా!

పైగా అక్కడ కనబడినదెల్లా నిలుస్తుందని లేదు. తెరచిన పేజీలను గుంపులుగా చేసి రంగులు పెట్టుకొనే సదుపాయం పరీక్షల తరువాత 2020లో అందరికీ వచ్చింది. ఫోను తెర అడుగున మీటలుంచే ఏర్పాటును మాత్రం కొంతకాలం పరీక్షించి, అదే సంవత్సరం విడిచిపెట్టారు.

మన పల్లెల్లో ఇంటికంతటికీ ఒకే ఫోను ఉన్న కుటుంబాలు అనేకం. బ్యాంకు పనులు, పిల్లల చదువు, దాచుకొన్న పాస్‌వర్డులు అన్నీ అందులోనే. కొడుకు సరదాకు మార్చినది తల్లికి తెలియదు. ఆమె అవసరానికి తెరచిన రోజున అది పని చేయకపోతే ఎవరిని అడుగుతుంది?

క్రొత్త విత్తనం వచ్చిందని రైతు పొలమంతా చల్లడు. ఒక మూల మడిలో చల్లి చూస్తాడు. ఇక్కడా అంతే. 'క్రోమ్ బీటా' అనే యాప్ ప్లే స్టోరులో ఉచితంగా దొరుకుతుంది. అది మామూలు క్రోమ్ ప్రక్కనే విడిగా ఉంటుంది. ఫ్లాగ్స్ పేజీ అందులోనూ ఉన్నది. ప్రయోగాలు అక్కడ చేయండి. అందులో మీ ఖాతా తెరవకండి, బ్యాంకు పనులు చేయకండి. 'కెనరీ' అనేది ఇంకా పచ్చిది; దాదాపు ప్రతిదినం మారుతుంది. అలవాటు లేనివారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఒకసారి ఒక్కటే మార్చండి. ఏది మార్చారో కాగితంమీద వ్రాసికొనండి. తేడా వస్తే 'రీసెట్ ఆల్' నొక్కి, బ్రౌజరును మూసి తిరిగి తెరిస్తే ఆ మార్పులు తొలగిపోతాయి. పోయిన సమాచారం మాత్రం ఆ మీటతో తిరిగి రాదు.

యువకులారా, క్రొత్తది నేర్చుకొనవద్దని మేము చెప్పడం లేదు. ఇంటిల్లిపాది ఆధారపడిన దానిని కదపకుండా నేర్చుకొనండి.