తునికాకు సీజన్‌లో ఇంటర్న్‌షిప్ ఎవరికి?



డిగ్రీ చదువుతున్న మన ఏజెన్సీ తమ్ముళ్లతో, చెల్లెళ్లతో, కూలికి పోయి మరీ వాళ్లని చదివిస్తున్న అమ్మానాన్నలతో నాలుగు మాటలు చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొత్తం 10 నెలలు. ఒక వేసవిలో సమాజ సేవా ప్రాజెక్టు, ఇంకో వేసవిలో ఇంటర్న్‌షిప్, తర్వాత ఒక సెమిస్టర్ మొత్తం అదే పని. ఆలోచన మంచిదే, కాదనం. కానీ ఒక్కసారి మన క్యాలెండర్ చూడండి. ఏప్రిల్, మే అంటే చింతూరు, కూనవరం వైపు తునికాకు సీజన్. తెల్లారకముందే ఇంటిల్లిపాదీ అడవికి పోవాలి. మధ్యాహ్నం ఎండలో కట్టలు కట్టాలి, సాయంత్రం కల్లంలో అప్పజెప్పాలి. జూన్‌లో విత్తనాలు, పుస్తకాలు, కాలేజీ ఫీజు అన్నీ ఆ డబ్బుతోనే. ఆ నెలల్లో పిల్లని పట్నం పంపి, రూము అద్దె, తిండి ఖర్చు ఎదురు పెట్టి "జీతం లేదు గానీ అనుభవం వస్తుంది" అంటే ఆ అనుభవం ఎవరికి దక్కుతుంది? పట్నంలో సొంతిల్లు ఉన్న పిల్లలకి. జీతం లేని ఇంటర్న్‌షిప్ అంటే పేరు మార్చుకున్న ఫీజే.

మనవాళ్లు పని చేయట్లేదా? చేస్తున్నారు. రాజమండ్రిలో, విశాఖలో ఏ ఫంక్షన్ హాలుకైనా వెళ్లి చూడండి. వడ్డించే కుర్రాళ్లలో హాస్టల్ పిల్లలు కనిపిస్తారు. ముహూర్తాలు ఉన్న రోజుల్లో క్యాటరింగ్, లేని రోజుల్లో పస్తు. అర్ధరాత్రి తిరిగొస్తే హాస్టల్ గేటు మూసి ఉంటుంది. పొద్దున్నే క్లాసు. ఆ కష్టం ఏ బయోడేటాలోనూ రాదు. అది తక్కువ పని అని నేను అనను. కానీ చదివిన చదువుకి తగ్గ పని నేర్చుకునే హక్కు మనకీ ఉంది కదా.

ఇప్పుడు ఇది మరీ ఎందుకు ముఖ్యం? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. "డిగ్రీ, బీఈడీ చేస్తే ఊళ్లోనే టీచర్ని అవుతా" అన్న ధీమా పోయింది. బయటికి పోతే మొదటి ప్రశ్న "అనుభవం ఉందా?" అనే.

అందుకే కొన్ని విషయాలు తెలుసుకోండి. 1961 అప్రెంటిస్ చట్టంలో కొన్ని ట్రేడుల శిక్షణ సీట్లలో ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. 2019 సవరణలో డిగ్రీ అప్రెంటిస్‌కి నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించారు. 2024లో వచ్చిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో మొదట నెలకు 5,000 అన్నారు. కానీ అప్పుడు ఫుల్‌టైమ్ చదువులో ఉన్నవాళ్లకి అది వర్తించలేదు. ఇప్పటి నిబంధనలు చూసుకోండి.

మోసాలూ ఉన్నాయి. ఇంటర్న్‌షిప్ కోసం ముందు డబ్బు కట్టమంటే అక్కడే ఆగిపోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఎన్ని నెలలు, ఏం పని, ఎంత ఇస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. "నీ బ్యాంకు ఖాతా వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అంటే అది పార్ట్‌టైమ్ జాబ్ కాదు తమ్ముడూ, సైబర్ కేసు. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే.

ఇక మనం అడగాల్సినవి. ఐటీడీఏలు, జీసీసీ తమ ఆఫీసుల్లో, డిపోల్లో మన విద్యార్థులకు స్టైపెండ్‌తో ఇంటర్న్‌షిప్ సీట్లు ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్ నెలల్లో పోస్ట్‌మెట్రిక్ హాస్టళ్లు, మెస్‌లు తెరిచే ఉంచాలి. తునికాకు నెలల్లో రాలేని పిల్లలకు వేరే నెలల్లో చేసే వెసులుబాటు ఉండాలి. ఇది దయ కాదు. ఆదివాసీ సంక్షేమం పేరుతో పెట్టిన సంస్థలు చేయాల్సిన మొదటి పని.

సమాజ సేవా ప్రాజెక్టు అయితే మన ఊళ్లోనే చేస్తామని కాలేజీలో అడగండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం తునికాకు లాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కు మనది. మీ ఊళ్లో ఎన్ని క్లెయిములు పెట్టారు, ఎన్ని తిరస్కరించారు, కల్లంలో కట్టకి ఎంత ఇచ్చారు, ఎన్ని కట్టలు తీసేశారు? ఇల్లిల్లూ తిరిగి రాయండి. గ్రామసభలో చదివి వినిపించండి. కాలేజీకి ప్రాజెక్టు రిపోర్టు అవుతుంది, ఊరికి సాక్ష్యం అవుతుంది.

మీ కాలేజీలో ఇంటర్న్‌షిప్ ఎలా జరుగుతోంది? ఎవరికైనా స్టైపెండ్ వచ్చిందా? మీ విద్యార్థి సంఘంలో ఈ వారమే మాట్లాడండి. పది మంది సంతకాలతో ఐటీడీఏ పీఓ గారికి అర్జీ పెట్టండి. ఒక్కడు అడిగితే విన్నపం, పది ఊళ్లు అడిగితే డిమాండ్.

జై ఆదివాసీ!