విరమణ సొమ్ము రియల్ ఎస్టేటు పాలు కావలసినదేనా?

ముప్పై అయిదేళ్ళు సంచి మోసిన పోస్ట్‌మ్యానుకు, రాత్రింబవళ్ళు బండి నడిపిన డ్రైవరుకు, పట్టాల వెంట నడిచి నడిచి కాళ్ళు అరిగిన గ్యాంగ్‌మ్యానుకు జీవితంలో ఒకే ఒక్కసారి పెద్ద మొత్తం చేతికి అందుతుంది. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, సెలవుల నగదు, పెన్షన్ కమ్యుటేషన్ అన్నీ కొద్ది రోజుల తేడాలో ఖాతాలో చేరుతాయి. వీడ్కోలు సభలో మెడలో వేసిన పూలదండ వాడిపోకముందే ఆ ఖాతాను వెతుక్కుంటూ బయలుదేరేవారు కొందరున్నారు. వెంచరు, లేఅవుటు, ప్రీలాంచ్ అనేవి వారి మంత్రాలు. ఈ విషయమై మన ఉద్యోగులతో నిర్మొహమాటంగా మాట్లాడవలసిన సమయం వచ్చినదని మేము భావిస్తున్నాము.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్‌లో తపాలా ఉద్యోగులతో మేము సమావేశమైనప్పుడు ఈ ప్రశ్న తీవ్రంగా ముందుకు వచ్చినది. 2011 జనగణన ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల జనాభాలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఓడ ఎక్కి వచ్చిన కుటుంబాలు వీరిలో అనేకం. అక్కడి ఉద్యోగి పదవీ విరమణ చేయగానే క్వార్టరు ఖాళీ చేయవలసి వస్తుంది. ఉండిపోదామంటే స్థలం దొరకదు. ఊరికి పోదామంటే ఇల్లు ఉండదు. ఈ రెంటి నడుమ నిలిచిన మనిషి వద్దకు దళారి వచ్చి చేరుతాడు.

ఆ సమావేశంలో ఒక పెద్దాయన లేచి తన అనుభవం చెప్పారు. పోస్ట్‌మ్యానుగా చేరి పోస్టల్ అసిస్టెంటుగా 2016లో విరమించినవారు. పెన్షనులో నియమాలు అనుమతించినంత మేరకు కమ్యూట్ చేసి, దానికి గ్రాట్యుటీ కలిపి, భోగాపురం రోడ్డులో రెండు ప్లాట్లు కొన్నారు. మూడేళ్ళ తరువాత భార్యకు గుండె జబ్బు వచ్చి చెన్నై తీసుకుపోవలసి వచ్చినది. ప్లాటు అమ్మి పెట్టమని అడిగితే, అమ్మిన దళారి బేరం లేదన్నాడు. చివరకు సగం ధర చెప్పాడు. తోటి ఉద్యోగులు చందాలు వేసి, సొసైటీ అప్పు తెచ్చి ఆమెకు వైద్యం చేయించారు. "భూమి ఎక్కడికి పోతుంది బాబూ అన్నారు. నిజమే, భూమి ఎక్కడికీ పోలేదు. నా డబ్బే నా దగ్గరకు రావడం లేదు" అని ఆయన అన్నప్పుడు సభలో ఎవరూ నవ్వలేదు.

ఈ ఒక్క మాటలో విషయమంతా ఇమిడి ఉన్నది. భూమికి విలువ లేదని మేము అనడం లేదు. అవసరమైన రోజున అది రొక్కం కాజాలదని అంటున్నాము. భోగాపురం విమానాశ్రయం మాట 2015 నుండి వినబడుతున్నది. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 మేలో మరొక ముఖ్యమంత్రి తిరిగి శంకుస్థాపన చేశారు. మొదటి మాట నాడు కొన్నవారికి రెండవ రాయి పడేసరికి ఎనిమిదేళ్ళు గడిచినవి. రైల్వే సోదరులకు వేరొక ఆశ చూపబడినది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో గాని జరుగలేదు. ముప్పై ఏళ్ళ వయసువానికి ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు ఒక లెక్క కాదు. అరవై దాటినవానికి అవి శేష జీవితంలో పెద్ద భాగం.

కమ్యుటేషన్ లెక్కను ఒకసారి పరికించండి. నెలకు 25,000 రూపాయల మూల పెన్షన్ గల ఉద్యోగి నూటికి 40 వంతులు, అనగా 10,000 కమ్యూట్ చేసినాడనుకొందాం. అరవయ్యవ ఏట విరమించినవానికి వర్తించే 8.194 గుణకం ప్రకారం అతని చేతికి వచ్చేది 9,83,280 రూపాయలు. పదిహేనేళ్ళ పాటు నెలకు 10,000 వంతున అతని పెన్షన్ నుండి తగ్గేది 18 లక్షలు. ఆ సొమ్మును ప్లాటులో పెడితే నెలకు పదివేలు పోయినవి, ప్లాటు నెలకు పది రూపాయలైనా తేలేదు. అదే సొమ్మును మన తపాలా కార్యాలయంలోనే సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో ఉంచితే, 2023 ఏప్రిల్‌లో నిర్ణయించబడిన 8.2 శాతం రేటు చొప్పున పది లక్షలకు మూడు నెలలకొకసారి 20,500 రూపాయలు వస్తుంది. అసలు పదిలంగా ఉంటుంది. ఈ పథకంలో గరిష్ఠ పరిమితి అదే సమయంలో 30 లక్షలకు పెంచబడినది. నిత్యం కౌంటరులో కూర్చొని ఇతరులకు ఈ పథకం వివరించే మన తపాలా ఉద్యోగులే తమ సొమ్మును దళారి చేతిలో పెట్టడం విచారకరం.

ఊరిలో గాక దీవిలోనే స్థలం కొందామనుకొనేవారు మరింత జాగ్రత్త వహించవలసి ఉన్నది. అండమాన్, నికోబార్‌లో ఎనభై శాతానికి పైగా అటవీ భూమి. 1966 నాటి భూమి రెవెన్యూ, భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం అక్కడి భూమి ప్రభుత్వానికి చెందినది. అనుభవదారులు ఆ రెగ్యులేషన్ క్రింద లభించిన హక్కులతో మాత్రమే ఉంటారు. ఎవరి హక్కు ఎంతటిదో రెవెన్యూ రికార్డు చెప్పవలసినదే గాని, స్టాంపు కాగితంపై వ్రాసుకొన్న ఒడంబడిక చెప్పజాలదు. అటవీ భూములలోని ఆక్రమణలను తొలగించవలెనని 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఉత్తర్వు చేసినది. ఇక ప్రకృతి మాట. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో నేల క్రుంగి, పోర్ట్ బ్లెయిర్ చేరువలోని సిప్పీఘాట్ పొలాలలోకి సముద్రపు నీరు వచ్చి నిలిచిపోయినది. చవకగా వస్తున్నదని తీరం వెంట స్థలం కొనేవారు ఈ సంగతి మరువరాదు.

పూర్వం కొన్నవారు బాగుపడలేదా అని కొందరు అడుగుతారు. బాగుపడినారు, కాదనము. విశాఖలో నలభై ఏళ్ళ క్రితం జీతంలో మిగిల్చి నూట యాభై గజాలు కొన్నవాడు నేడు సుఖంగా ఉన్నాడు. కాని అతడు కొన్ననాడు అతనికి ముందు ముప్పై ఏళ్ళ జీతం ఉన్నది. ప్లాటు మునిగినా ఇల్లు గడిచేది. విరమించినవానికి ఆ వెసులుబాటు లేదు. పైగా బాగుపడినవారి కథలే మనకు వినబడతాయి. నష్టపోయినవారు సిగ్గుతో నోరు మెదపరు. అగ్రిగోల్డ్ సంగతి జ్ఞాపకం చేసుకోండి. ప్లాటు ఇస్తాము, లేదా సొమ్ము ఇస్తాము అంటూ సుమారు 32 లక్షల మంది నుండి దాదాపు 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసినట్లు దర్యాప్తు సంస్థలు పేర్కొన్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పదివేల లోపు, 2021లో ఇరవైవేల లోపు డిపాజిట్లు గలవారికి చెల్లింపులు చేసినది. అంతకు మించి పెట్టినవారు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు.

నివసించడానికి ఒక ఇల్లు ఉండవలెననడంలో మాకు భేదాభిప్రాయం లేదు. అది ప్రతి ఉద్యోగి హక్కు. కాని ఆ పని సర్వీసులో ఉండగానే జరుగవలెను. 2017 నాటి గృహనిర్మాణ అడ్వాన్సు నియమాల ప్రకారం 34 నెలల మూల వేతనం వరకు, 25 లక్షలకు మించకుండా అడ్వాన్సు లభిస్తుంది. జీతంలో వాయిదాలుగా తీరే అప్పు వేరు, ముసలితనపు అన్నాన్ని ఒక్కసారిగా పణం పెట్టడం వేరు. ప్రావిడెంట్ ఫండు నుండి ఇంటికి, స్థలానికి నూటికి 90 వంతుల వరకు తీసుకొనే వెసులుబాటును 2017 మార్చిలో ప్రభుత్వం సులభతరం చేసినది. మంచిదే. కాని ఉద్యోగికి సులభమైనది దళారికి కూడా సులభమైనదని గుర్తించవలెను.

కొనక తప్పనివారు స్థిరాస్తి నియంత్రణ చట్టాన్ని ఆశ్రయించండి. 2016 నాటి ఈ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటుకు, ఎనిమిదికి మించిన ఫ్లాట్లకు రిజిస్ట్రేషన్ లేనిదే ప్రకటన గాని, అమ్మకం గాని చేయరాదు. ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకొనరాదు. అండమాన్ దీవులకు తమిళనాడు రేరా సంస్థయే అధికార సంస్థ. ప్రీలాంచ్ పేరుతో ముందే సొమ్ము అడిగేవాడు ఆ క్షణమే చట్టం దాటినవాడు. మరొక మాట. సంతకం చేసే ముందు ఇంటి ఇల్లాలికి చెప్పండి. కాగితాలు భర్త బీరువాలో, బాకీలు భార్య నెత్తిన అన్న దుస్థితి ఎన్నో ఇళ్ళలో మేము చూసియున్నాము.

2004 జనవరి 1 తరువాత చేరినవారి పరిస్థితి మరింత సున్నితమైనది. ఎన్.పి.ఎస్.లో విరమణ వేళ నూటికి 60 వంతులు చేతికి వచ్చి, మిగిలిన 40 వంతుల పైననే నెలవారీ పెన్షన్ ఆధారపడుతుంది. వారు ఆ అరవై వంతులను ప్లాటులో పాతిపెడితే మిగిలేది అరకొర పెన్షనే. గ్రామీణ డాక్ సేవకులకు ఆ మాత్రం పెన్షన్ కూడా లేదు.

ఈ సొమ్ము ఎవరి దయాధర్మమూ కాదు. పెన్షన్ ప్రభుత్వం విదిల్చే బిచ్చం కాదని, ఉద్యోగి హక్కని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పినది. అది వాయిదా వేయబడిన వేతనం. తరతరాల కార్మికులు పోరాడి సాధించిన దానిని ఒక సాయంకాలం దళారి మాటకు ధారపోయడం ఆ పోరాటానికి న్యాయం కాదు.

కేవలం హెచ్చరికతో సంఘం బాధ్యత తీరిపోదు. విరమణకు ఏడాది ముందే ప్రతి శాఖ తన సభ్యుని, అతని కుటుంబాన్ని కూర్చోబెట్టి లెక్కలు వివరించవలెను. తపాలా శాఖల కామ్రేడ్లు ఈ పనికి ముందుకు రావలెను. కమ్యూట్ చేసిన పెన్షన్ పదిహేనేళ్ళకు గాక పన్నెండేళ్ళకే పునరుద్ధరించాలన్న కోర్కెను, దీవులలో విరమించినవారికి నివాస వసతి కల్పించాలన్న కోర్కెను, పాత పెన్షన్ కోర్కెను మరింత బలంగా వినిపించవలెను. ఉద్యోగికి సకాలంలో ఇల్లు, విరమణ తరువాత చాలినంత పెన్షన్ ఉన్ననాడు దళారికి మన గుమ్మంలో పని ఉండదు. అంతవరకు మన ఉద్యోగులకు మా మనవి ఒక్కటే. సొమ్ము చేతికి వచ్చిన తరువాత ఆరు నెలల పాటు దానిని కదిలించకండి. ఏ కాగితంపైనైనా సంతకం చేసే ముందు ఒక్కసారి సంఘం కార్యాలయానికి రండి.