బోనెక్కేది మనిషే

2024 జనవరి 26న ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా అనే చమురు ట్యాంకరుపై యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారుల క్షిపణి పడింది. ఓడలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ ఉన్నారు. ఆపద కబురు అందుకుని ఆదుకోవడానికి వెళ్లిన యుద్ధనౌక ఐఎన్ఎస్ విశాఖపట్నం. దాని స్థావరం ముంబై అయినా పేరు మన ఊరిదే. పది మంది నౌకాదళ సిబ్బంది ట్యాంకరు ఎక్కి, ఓడలోని వాళ్లతో కలిసి గంటల తరబడి పోరాడి మంటలు ఆర్పారు.

సరిగ్గా ఆ రోజే హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం గాజా యుద్ధంపై ఇజ్రాయెల్ మీద దక్షిణాఫ్రికా వేసిన కేసులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తాము పోరాడుతున్నది మనుషుల రూపంలోని జంతువులతో అని అప్పటి ఇజ్రాయెల్ రక్షణ మంత్రి యోవ్ గాలంట్ 2023 అక్టోబరు 10న అన్న మాటను న్యాయమూర్తులు ఆ ఉత్తర్వులోనే ఎత్తి రాశారు. గాజాలోని పాలస్తీనీయుల నిర్మూలనకు బాహాటంగా రెచ్చగొట్టే మాటలను అడ్డుకోవాలని, అలా మాట్లాడిన వారిని శిక్షించాలని ఇజ్రాయెల్‌ను ఆదేశించారు. క్షిపణుల సంగతి చూసుకోవడానికి నౌకాదళం ఉంది. మాటల సంగతి చూసుకోవాల్సింది మనమే. ఎందుకంటే అవి ఎప్పుడో విశాఖ చేరాయి, తెలుగు కూడా నేర్చుకున్నాయి.

ఏ తెలుగు యూట్యూబ్ చానల్ తెరిచినా సరే. కూలిన భవనం బొమ్మ మీద ఎర్రటి అక్షరాల్లో ‘గాజాకు చుక్కలు చూపించిన ఇజ్రాయెల్’, ఆ పక్కనే ‘ఇక దబిడి దిబిడే’. సినిమా ఫైటుకు వాడే మాటలివి. ఆ శిథిలాల కింద మనుషులున్నారన్న స్పృహ కూడా లేదు. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుల్లో, పొద్దున నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో రాసిన చేతులే రాత్రికి చనిపోయిన పసిబిడ్డ ఫోటో కింద ‘పాము పిల్ల పామే అవుతుంది’ అని రాస్తున్నాయి. అవతలి పక్షం తక్కువ తినలేదు. అక్టోబరు 7 నాటి హమాస్ దాడి ఫోటోలు చూసి ‘బాగా అయింది’ అన్నవాళ్లున్నారు. హిట్లర్ పని సగంలో వదిలేశాడని వాపోయేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి మాట రాసినవారు చదువు లేనివాళ్లని సరిపెట్టుకోవడానికి లేదు. వీరిలో ఇంజినీర్లున్నారు, అధ్యాపకులున్నారు, రిటైరైన అధికారులున్నారు.

ఎవరి పక్షమూ వహించకుండా తప్పించుకోవాలన్నది ఈ పత్రిక ఉద్దేశం కాదు. 2023 అక్టోబరు 7న హమాస్ చేసింది ఊచకోత. దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా ఎత్తుకుపోవడాన్ని ఏ స్వాతంత్య్ర పోరాటమూ సమర్థించజాలదు. ఆ తరువాత ఇజ్రాయెల్ గాజాలో చేసింది ఆత్మరక్షణ హద్దులను ఏనాడో దాటింది. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ నాటికి గాజా ఆరోగ్యశాఖ లెక్కలో మృతులు 67 వేలు దాటారు. అంతకు ముందే ఆగస్టు 22న ఐక్యరాజ్యసమితి మద్దతున్న ఆహార భద్రత నిపుణుల వ్యవస్థ గాజా గవర్నరేట్‌లో కరువు నెలకొందని ప్రకటించింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేస్తే జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. గాజాలో పోవడానికి పల్లె కూడా లేదు. ఇన్ని మాటలు ఎవరినీ పురుగని పిలవకుండానే అనగలిగాం. అనడానికి ఇబ్బందేమీ కలగలేదు.

‘అంత ఘోరం చేసినవాళ్లను మనుషులంటామా?’ అని నిలదీసేవారికి మా జవాబు ఒక్కటే: అనే తీరాలి. జంతువు నేరం చేయదు. దానికి ఉద్దేశం ఉండదు, ఉత్తర్వు ఉండదు, బాధ్యత ఉండదు. బోనెక్కించాలంటే అక్కడ మనిషే ఉండాలి. 2024 నవంబరు 21న అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, గాలంట్, హమాస్ సేనాని మహమ్మద్ దైఫ్‌లపై వారెంట్లు జారీ చేసింది. ముగ్గురినీ పేరు పెట్టి పిలిచింది. ఎదుటివాణ్ణి పశువని తిట్టేవాడు తెలియకుండానే వాడి నేరాన్ని మాఫీ చేస్తున్నాడు. ఇంకో ప్రమాదమూ ఉంది. ఒకడు పశువైతే వాడి తల్లి, బిడ్డ, ఇరుగుపొరుగు అందరూ ఆ మందలోని వాళ్లే అవుతారు. అప్పుడు నేరస్థుణ్ణి వెతకాల్సిన పనే ఉండదు.

‘కోపంలో అన్న మాటకు ఇంత రాద్ధాంతమా’ అనే పెద్దమనుషులూ ఉన్నారు. వారు రువాండాను గుర్తు చేసుకోవాలి. టుట్సీలను బొద్దింకలని రేడియోలో పాటల మధ్య నవ్వుతూ, జోకులేస్తూ పిలిచారు. 1994లో సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు. ఆ రేడియో స్థాపకులిద్దరితో పాటు ఒక పత్రికా సంపాదకుణ్ణి కూడా 2003 డిసెంబరులో అంతర్జాతీయ ట్రైబ్యునల్ దోషులుగా తేల్చింది. మా వృత్తిలో ఉన్నవాళ్లు మరవకూడని తీర్పు అది. అంత దూరం ఎందుకు, మన చుండూరు చాలదా? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి, గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. మనుషుల్ని అలా మూట కట్టగలిగిన చేతులకు ముందు కొన్ని తరాలుగా నోళ్లు సాయం చేశాయి. 2014లో హైకోర్టు ఆ కేసులో శిక్షపడిన అందరినీ నిర్దోషులుగా వదిలేసింది.

మన గ్రూపుల్లోని ఈ మాటలు గాజాకు చేరవు, టెల్ అవీవ్‌కూ చేరవు. తెలుగులో రాసిన తిట్టు తెలుగువాడికే తగులుతుంది. మన రేవు ముఖద్వారంలో రాస్ హిల్ మీద మరియమాత గుడి, ఆ పక్క కొండ మీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరుడి కోవెల ఉన్నాయి. దర్గాకు మొక్కే వాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. అలాంటి ఊళ్లో ఇవాళ కొందరు ‘గాజా’ అని రాసి ‘వన్‌టౌన్’ అని చదువుకుంటున్నారు. వాళ్ల అసలు గురి ఎవరో వన్‌టౌన్‌లో ఉన్న ముస్లిం కుటుంబాలకు బాగా తెలుసు. యూదుల్ని తిట్టేవాళ్లకు మాత్రం తమ రాష్ట్రంలో యూదులున్న సంగతే తెలియదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమూహం ఉంది. మాదిగ కుటుంబాల నుంచి వచ్చి, తమను ఇజ్రాయెల్ తప్పిపోయిన తెగల వారసులుగా చెప్పుకుని, తెలుగు మాట్లాడుతూ సబ్బాతు పాటించేవాళ్లు. ఒక తిట్టు నుంచి బయటపడాలని చూసిన వాళ్ల నెత్తిన మనం ఇంకో తిట్టు పెడుతున్నాం.

శత్రువు విషయంలో ఎలా మెలగాలో విశాఖకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరంలోనే మునిగింది. అది ఐఎన్ఎస్ విక్రాంత్‌ను వేటాడటానికి వచ్చింది. ఎలా మునిగిందన్నదానిపై రెండు దేశాల మధ్య వాదన ఉంది కానీ, లోపలున్న 93 మందీ చనిపోయారన్నదానిపై లేదు. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా బీచ్ రోడ్డులో స్తూపం కట్టుకున్నాం. కట్టుకోవాలి కూడా. అయితే 2024 ఫిబ్రవరిలో వచ్చిన వార్త ఎంతమందికి గుర్తుంది? నౌకాదళం సరికొత్త సముద్రగర్భ రక్షక వాహనంతో తీరానికి కాస్త దూరంలో ఘాజీ శిథిలాలను గుర్తించింది. గుర్తించి, ముట్టుకోకుండా వదిలేసింది. చనిపోయిన నావికులపై గౌరవంతోనే అని చెప్పింది. మన విమానవాహక నౌకను ముంచడానికి వచ్చినవాళ్లవి ఆ ప్రాణాలు. యూనిఫాం వేసుకుని యుద్ధం చేసినవాళ్లు చూపిన మర్యాద, సోఫాలో కూర్చుని యుద్ధం చేసేవాళ్లకు చేతకావడం లేదు.

విచిత్రం ఏమిటంటే, ఈ యుద్ధం మీద విశాఖవాసులు నిజంగా కొట్లాడుకోవాల్సిన విషయాలు చాలా ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో దేశంలోని 11 ప్రధాన ఓడరేవుల్లో 3,500 మందికి ప్రాతినిధ్యం వహించే జలరవాణా కార్మికుల సమాఖ్య ఇజ్రాయెల్‌కు వెళ్లే ఆయుధాల సరకును ఎక్కించబోమని, దించబోమని ప్రకటించింది. అది సరైన పనా, కాదా? ఇజ్రాయెల్‌లోని హైఫా రేవు 2023 జనవరిలో అదానీ గ్రూపు చేతికి వచ్చింది. మన స్టీల్ ప్లాంటు పక్కనున్న గంగవరం పోర్టూ ఆ గ్రూపుదే. దాని సంగతేమిటి? నిజామాబాద్, జగిత్యాల నుంచి వెళ్లి అక్కడ ముసలివాళ్లకు సేవ చేస్తున్న, గోడలు కడుతున్న మనవాళ్ల భద్రత ఎవరి పూచీ? 1950లో ఇజ్రాయెల్‌ను, 1988లో పాలస్తీనాను గుర్తించిన భారతదేశం 2023 అక్టోబరు చివర్లో ఐక్యరాజ్యసమితిలో కాల్పుల నిలిపివేత తీర్మానంపై ఓటు వేయకుండా ఎందుకు ఊరుకుంది, డిసెంబరులో అలాంటి మరో తీర్మానానికి అనుకూలంగా ఎందుకు వేసింది? ఇలాంటివి ఒక్కటైనా గ్రూపుల్లో చర్చకు రాదు. తిట్లతోనే తెల్లారుతోంది.

చేయాల్సినవి కొన్ని కచ్చితంగా ఉన్నాయి. జాతి నిర్మూలన నివారణ ఒప్పందాన్ని భారతదేశం 1959లోనే ధ్రువీకరించింది. దానికి తగిన చట్టం మాత్రం పార్లమెంటు నేటికీ చేయలేదు. ఆంధ్ర, తెలంగాణ ఎంపీలు ఆ పని అడగాలి. వర్గాల మధ్య ద్వేషం రగిల్చడాన్ని శిక్షించే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షను పుస్తకంలో ఉంది. పోలీసులు ఒక మతం వాళ్లు రాసినప్పుడు దాన్ని తెరిచి, ఇంకో మతం వాళ్లు రాసినప్పుడు మూసేయడం మానాలి. టీవీ యాజమాన్యాలు శవాల మీద సినిమా డైలాగులు వేయడం ఇవాళే ఆపొచ్చు. దానికి చట్టం అక్కర్లేదు, ఎడిటర్‌కు సిగ్గుంటే చాలు.

ఇక గ్రూపు అడ్మిన్లకు ఒక మాట. మీ గ్రూపులో ఎవరైనా ఏ పక్షం తరఫునైనా ఎంత ఘాటుగానైనా వాదించుకోనివ్వండి. మనుషుల్ని పాములని, పురుగులని, ఏరిపారేయాలని రాసిన వాణ్ణి మాత్రం, వాడు మీ బావమరిదైనా సరే, తీసేయండి. మా పత్రికకు వచ్చే పాఠకుల లేఖలకూ నేటి నుంచి ఇదే నియమం. ఇజ్రాయెల్‌ను సమర్థించే లేఖా వేస్తాం, పాలస్తీనాను సమర్థించే లేఖా వేస్తాం. మమ్మల్ని దుయ్యబట్టే లేఖను ముందు వేస్తాం. మనిషిని జంతువని రాసిన లేఖ, ఎంత పెద్దవారి సంతకం ఉన్నా, అచ్చు కాదు.