శాస్త్రసాక్ష్యం – పునఃపరీక్ష

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణపు ఒడ్డున, 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం ఉంది. అక్కడి నుంచి మదీనా కూడలి, పత్తర్‌గట్టీ బజారు దాటి నడిస్తే చార్మినారు వస్తుంది. దాని పక్కనే మక్కా మసీదు. తీర్పు చెప్పే చోటుకూ, తీర్పు కోసం పదకొండేళ్ళు ఎదురుచూసిన చోటుకూ మధ్య దూరం అంతే.

2007 మే 18వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థనవేళ ఆ మసీదు ప్రాంగణంలో బాంబు పేలింది. తొమ్మిది మంది మరణించారు. ఆ తరువాత చెలరేగిన అలజడిలో పోలీసు కాల్పులకు మరో ఐదుగురు బలయ్యారు. పాతబస్తీకి చెందిన యువకులను పెద్దసంఖ్యలో పట్టుకొనిపోయారు. కొందరికి నార్కో పరీక్ష జరిపారు. కుట్ర మొదలైన అభియోగాలు మోపిన యువకులను న్యాయస్థానాలు నిర్దోషులుగా విడిచిపెట్టాయి. 2011లో ప్రభుత్వం ఇరవై మందికి మూడేసి లక్షలు, మరో యాభై మందికి ఇరవై వేల చొప్పున పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. దర్యాప్తు సీబీఐకి, ఆపైన జాతీయ దర్యాప్తు సంస్థకు మారింది. నిందితులూ మారారు. విచారణను ఎదుర్కొన్న ఐదుగురిపైనా నేరం రుజువు కాలేదని 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక న్యాయస్థానం తీర్పు చెప్పింది. జైలుపాలైన యువకుల చదువులు, ఉద్యోగాలు ఒకవైపు చెడ్డాయి. మరొకవైపు, తమవారిని ఎవరు చంపారన్న ప్రశ్నకు మృతుల కుటుంబాలకు జవాబే దొరకలేదు.

నార్కో పరీక్ష అంటే మనిషికి మత్తుమందు ఎక్కించి, తెలివి సగం మరుగైన స్థితిలో ప్రశ్నలు వేయడం. దానికి శాస్త్రపరీక్ష అని పేరు పెట్టారు గాని, అది ప్రాచీనుల ‘దివ్యం’ వంటిదే. యాజ్ఞవల్క్య స్మృతి త్రాసు, అగ్ని, జలం, విషం, కోశం అని ఐదు దివ్యాలను పేర్కొంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను పదమూడవ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయం’ పేరుతో తెలుగు చేశాడు. పత్రం, అనుభవం, సాక్షులు అనే మానుష ప్రమాణాలు లేనప్పుడే దివ్యానికి పోవాలని ఆ ధర్మశాస్త్రకారులు నియమం పెట్టారు. ఆ పాటి జాగ్రత్త వారికి ఉండేది. ఆధునికులు ఆ నియమాన్ని తలకిందులు చేసి, సాక్ష్యం వెదకక ముందే సూది గుచ్చారు. చివరకు 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి సమ్మతి లేకుండా ఇటువంటి పరీక్షలు జరపడం రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది.

అయితే ఫోరెన్సిక్ శాస్త్రమంతా ఇటువంటిదే అనుకోవడం అన్యాయం. 1986లో ఇంగ్లాండులోని లెస్టర్ ప్రాంతంలో ఇద్దరు బాలికల హత్యలపై దర్యాప్తు జరిగింది. పదిహేడేళ్ళ కుర్రవాడొకడు ఒక హత్యను తానే చేశానని ఒప్పుకున్నాడు. అలెక్ జెఫ్రీస్ అనే శాస్త్రవేత్త కొత్తగా కనుగొన్న డీఎన్ఏ పరీక్షలో, రెండు హత్యలూ చేసింది ఒక్కడేననీ, వాడు ఈ కుర్రవాడు కాడనీ తేలింది. అసలు హంతకుడు ఆ తరువాత దొరికాడు. డీఎన్ఏ శాస్త్రం నేర విచారణలో అడుగుపెట్టిన తొలిదినాలలోనే ఒక నిర్దోషిని కాపాడింది. మన దేశంలో ఆ విద్యకు పుట్టినిల్లు హైదరాబాదే. ఇక్కడి సీసీఎంబీలో లాల్జీ సింగ్ ఆ పద్ధతిని అభివృద్ధి చేశారు. 1991లో రాజీవ్ గాంధీ హత్య జరిగినప్పుడు మృతదేహాల గుర్తింపునకు ఆ శాస్త్రమే అక్కరకు వచ్చింది.

శాస్త్రం నిర్దుష్టమే కావచ్చు. నమూనా మాత్రం మనుషుల చేతుల మీదుగానే ప్రయాణిస్తుంది. ఘటనాస్థలంలో ఎవరో ఒకరు దాన్ని తీయాలి, సీలు వేయాలి, పోలీసు ఠాణాలో భద్రపరచాలి, ప్రయోగశాలకు చేర్చాలి. దారిలో సీలు తెగవచ్చు. ఎండకు నమూనా చెడవచ్చు. ఒకరి నమూనాలో మరొకరిది కలవవచ్చు. ఇద్దరు ముగ్గురి కణాలు కలిసి ఉన్న మరకను చదవడం నిపుణుడికి కూడా కష్టమే. ఇదంతా దాటి వచ్చిన నివేదిక న్యాయమూర్తి బల్లమీద రెండు పుటల కాగితంగా కనిపిస్తుంది. ‘సరిపోలినది’ అన్న ఒక్క మాట అందులో ఉంటుంది. ఆ ఒక్క మాట మీద ఒక జీవితం ఆధారపడుతుంది.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒక ఫార్మసీ విద్యార్థిని హాస్టల్లో దారుణహత్యకు గురైంది. ప్రాసిక్యూషన్ చూపిన ఆధారాలలో డీఎన్ఏ నివేదిక ముఖ్యమైనది. 2010లో కింది న్యాయస్థానం ఒక పేద యువకుడికి యావజ్జీవ శిక్ష విధించింది. 2017 మార్చి 31న, పైన చెప్పిన మూసీ ఒడ్డు హైకోర్టులోనే, ఆ శిక్ష రద్దయింది. అతను అప్పటికే ఎనిమిదేళ్ళకు పైగా చెరసాలలో గడిపాడు. తరువాత కేసు సీబీఐకి వెళ్ళింది. మొదటి విచారణనాడే ఆ నివేదికను మరొక నిపుణుడు మొదటి అక్షరం నుంచి పరిశీలించి ఉంటే, ఆ ఎనిమిదేళ్ళ గతి ఏమై ఉండేదన్న ప్రశ్న రాక మానదు.

చట్టం ఏమంటోంది? నిపుణుడి అభిప్రాయం సాక్ష్యమవుతుందని సాక్ష్య చట్టం చెబుతుంది. ప్రభుత్వ ప్రయోగశాల నిపుణుడిని బోను ఎక్కించకుండానే అతని నివేదికను స్వీకరించవచ్చునని పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 293వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 329వ సెక్షనులోనూ ఆ మాటే ఉంది. పిలిపించి ప్రశ్నించే అధికారం న్యాయస్థానానికి లేకపోలేదు. కానీ ఆ ప్రశ్నలు ఎవరు వేయాలి? తర్కశాస్త్రంలో ఆప్తవాక్యాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నవారు కూడా, ఆప్తుడెవరో నిర్ణయించుకున్న తరువాతనే ఒప్పుకున్నారు. 2022 నవంబరులో ఢిల్లీలోని ఛావ్లా కేసులో ముగ్గురికి పడిన మరణశిక్షను రద్దు చేస్తూ సుప్రీంకోర్టు దాదాపు ఇదే అన్నది: డీఎన్ఏ ఫలితానికి మూలాధారమేమిటో, నిపుణుడు ఆ పద్ధతిని నమ్మదగిన రీతిలో అనుసరించాడో లేదో కింది న్యాయస్థానాలు రెండూ పరిశీలించనే లేదు.

మరొక నిపుణుడు చూసినంత మాత్రాన సరిపోతుందా? సరిపోదు. 2004 మార్చిలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్ళలో బాంబులు పేలాయి. దొరికిన ఒక సంచి మీది వేలిముద్ర ఒరెగాన్ రాష్ట్రపు న్యాయవాదిదని అమెరికా ఎఫ్‌బీఐ నిపుణులు ఒకరి తరువాత ఒకరు తేల్చారు. న్యాయస్థానం నియమించిన స్వతంత్ర నిపుణుడూ ఔనన్నాడు. అతను ఇస్లాం స్వీకరించినవాడు కావడం అనుమానాన్ని పెంచింది. కాని స్పెయిన్ పోలీసులు తమంతట తాము పరీక్షించి, ఆ ముద్ర వేరొకరిదని తేల్చారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ముందు వచ్చిన జవాబు తెలిసిన తరువాత చూసే కన్ను, ఆ జవాబునే చూస్తుంది. కాబట్టి రెండవ నిపుణుడికి మొదటి నిపుణుడి తీర్మానం కాక, మొదటి నమూనా, యంత్రం ఇచ్చిన అసలు లెక్కలు, సీళ్ళ చరిత్ర అందాలి.

రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ప్రయోగశాల, రామంతాపూర్‌లోని కేంద్ర ప్రయోగశాల – రెండూ పోలీసు వ్యవహారాలు చూసే హోంశాఖల కిందివే. అక్కడి శాస్త్రజ్ఞుల నిజాయితీని శంకించనవసరం లేదు. కాని పోలీసుల పాలన నుంచి ప్రయోగశాలలను వేరుచేయాలని అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ 2009లోనే సిఫారసు చేసింది. హైదరాబాదులో జీవసాంకేతిక శాఖ కింద డీఎన్ఏ వేలిముద్రల కేంద్రమైన సీడీఎఫ్‌డీ ఉంది. విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. నిపుణులకు కొరత లేని ఊరిది.

ప్రతి కేసులోనూ పునఃపరీక్ష అంటే విచారణలు మరింత ఆలస్యమవుతాయన్న అభ్యంతరం తోసివేయదగింది కాదు. శాస్త్రనివేదికే ప్రధానాధారమై, యావజ్జీవమో మరణశిక్షో పడగల కేసులకైనా దీన్ని పరిమితం చేయవచ్చు. ధనవంతుడు నేడు కూడా తన సొంత నిపుణుడిని తెచ్చుకుంటాడు. యాకుత్‌పురాలో ఆటో నడిపేవాడి కొడుకుకు ఆ స్తోమత ఎక్కడిది? రాజ్యాంగంలోని 39-ఏ అధికరణం, 1987 నాటి న్యాయసేవల చట్టం పేదవాడికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తున్నాయి. ప్రయోగశాల కాగితాన్ని చదివి చెప్పగల నిపుణుడిని కూడా ఆ చట్టం కిందనే ఇవ్వవచ్చు. న్యాయసేవా సంస్థల దగ్గర న్యాయవాదుల జాబితాలు ఉన్నాయి. వాటి పక్కన నిపుణుల జాబితాను చేర్చడం మొదటి పని. ఆ నిపుణుల రుసుము ఏ పద్దు కింద చెల్లించాలన్నది ప్రభుత్వం తేల్చవలసిన రెండవ పని.