మనిషికి రెండు గుడ్లట!

కోడిగుడ్డు కూర వొండటం బహు తేలికట. వంటల పుస్తకాలన్నీ అదే మాట. మనిషికి రెండు గుడ్లు తీసుకోండి అని మొదలుపెడతారు. మనిషికి రెండు! ఆ ఒక్క వాక్యంతోనే మా అమ్మా, నేనూ, మా పల్లే ఆ పుస్తకంలోంచి బైటికి గెంటబడ్డాం.

గుంటూరు జిల్లా మా మాలపల్లెలో కోళ్లు లేని ఇల్లు లేదు. గుడ్డు తిన్న ఇల్లు మాత్రం తక్కువే. పెట్ట పెట్టిన గుడ్లు పొదగెయ్యాలి, పిల్లలు లేవాలి, అవి పెరిగితే అమ్ముకొని కూలి దొరకని నెలల్లో నూకలు తెచ్చుకోవాలి. గుడ్డంటే మాకు తిండి కాదు, డబ్బు. ఎండాకాలంలో పొదిగేస్తే మురిగిపోతాయి గనక ఆ గుడ్లే మా వాటాకొచ్చేవి.

మూడు గుడ్లు. ఏడుగురు మనుషులు. అమ్మ గుడ్లు ఉడకేసి, పెంకు వలిచి, కుట్టుదారం ఒక కొస పళ్లతో పట్టుకొని ఒక్కో గుడ్డుని నాలుగు ముక్కలు కోసేది. కత్తితో కోస్తే పచ్చసొన కత్తికంటుకుంటది. ఆ కాస్త కూడా పోగూడదు. ముక్కలు ముందే వేస్తే సొన పులుసులో కరిగిపోద్దని, దించబోయే ముందు పైన పేర్చేది. ఉల్లిపాయలు, చింతపండు, అన్నిటికన్నా దండిగా కారం. కారం ఎక్కువైతే పులుసు కొంచెమే పోసుకుంటారు, అన్నం ఎక్కువ కలుస్తది. దీన్ని మీరు ఆంధ్రా రుచి అంటున్నారు. అది కరువు లెక్క.

పన్నెండు ముక్కల్లో నాయనకీ అన్నదమ్ములిద్దరికీ మూడేసి. అక్కకీ నాకూ నాయనమ్మకీ ఒక్కోటి. అమ్మకి ఉత్త పులుసు. ఇది రాయొద్దని మనోళ్లే కొందరన్నారు. రాస్తాను.

చదువుకొని ఉద్యోగమొచ్చాక పట్నంలో అద్దె ఇల్లు వెతుక్కున్నాను. మీరేవుట్లని అడగటం మర్యాద కాదని ఇప్పుడు వాళ్లు నేర్చుకున్నారు. నాన్‌వెజ్ వొండుతారా అని అడుగుతారు. పాత ప్రశ్నే, చొక్కా మార్చుకుంది. ఒక ఇంటాయన పులుసు వాసనకి మెట్లమీదే ఆగిపోయి, "మా పిల్లలకి పడదమ్మా, నెలాఖరుకి ఇంకోటి చూసుకోండి" అన్నాడు. ఆయన బావమరిదికి కోళ్లఫారం ఉంది. గుడ్లు లారీలకెత్తి అమ్ముతారు. ఆ సొమ్ముకి వాసన లేదు. నా పొయ్యిమీద మూడు గుడ్లకే వచ్చిందా వాసన? రాజ్యాంగం అంటరానితనాన్ని 1950లోనే రద్దు చేసింది. గుమ్మాల్లో నిలబడ్డ ముక్కులకి ఆ కబురు ఇంకా చేరలేదు.

ఆ ఇల్లు ఆయనది. ఖాళీ చేశాను. మరి బడి ఎవరిది?

పిల్లలకు బడిలో వొండి పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. గుడ్డు మాట వచ్చేసరికి అందరికీ మడి గుర్తొస్తది. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి ఆదివాసీ పిల్లల అంగన్‌వాడీల్లో గుడ్డు వద్దన్నాడు. 2021 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం వెనకబడ్డ జిల్లాల బడుల్లో గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు లేచారు. తిననివాళ్లకి అరటిపండు ఇస్తున్నారు గదా, ఎవరి నోట్లోనూ కుక్కటం లేదు గదా! అయినా ఒప్పుకోరు. తమ పిల్లలు తినకుండా ఉంటే చాలదు, మా పిల్లలు తినగూడదు. 2025 జనవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం బడిలో గుడ్డుకిచ్చే డబ్బు ఆపేసింది. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఇంట్లో పాలూ నెయ్యీ పప్పూ ఉన్న పిల్లడికి అది లెక్కలోది కాదు. పొద్దున గంజి తాగి బడికొచ్చిన పిల్లకి ఆ రోజు మొత్తానికీ అదే బలం.

శాకాహారం మీ ఇష్టమైతే మాకు పేచీ లేదు. కానీ మీ ఇష్టానికి మా పిల్లల కంచం ఎందుకు కడుగుతున్నారు?

ఆ కర్ణాటక గొడవలోనే కొప్పళ జిల్లా బడిపిల్ల ఒకతె మైకు ముందు నిలబడి, గుడ్లు ఆపితే మీ మఠానికే వచ్చి కూర్చుని తింటామని స్వాములకి చెప్పింది. పదండి, ఆ పిల్ల వెనక మనమూ పోదాం. పులుసు దాక నేను పట్టుకొస్తా.