సూదికి ముందే వచ్చే జ్వరం

కోనసీమలో మందంటే భయం కోవిడ్ టీకాతో మొదలు కాలేదు. అంతకు చాలా ముందే బోదకాలు బిళ్లలున్నాయి. కాలవలు, బోదెలు, మురుగు నిలిచే పల్లాలు, వాటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు ఉన్నచోట ఫైలేరియా ఉంటుంది. గోదావరి డెల్టా ఆ జబ్బుకు పాత చిరునామా. 2004లో దేశంలో సామూహిక మందుల పంపిణీ మొదలయ్యాక ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి డీఈసీ బిళ్లలు, తర్వాతి ఏళ్లలో వాటికి తోడు ఆల్బెండజోల్ ఇచ్చి, తమ ఎదుటే మింగమనేవారు. "అన్నం తిన్నాక వేసుకుంటాంలే అమ్మా" అని పుచ్చుకుని, ఆ బిళ్లల్ని గూట్లో పెట్టి మరచిపోయిన ఇళ్లకు లెక్కలేదు. ఫలానా వీధిలో ఎవరో వేసుకున్నారట, ఆ రాత్రే ఒళ్లు కాలిపోయిందట, తల తిరిగి పడిపోయారట. ఇందులో అబద్ధం ఉండనక్కర్లేదు. డీఈసీ వేసుకున్న కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతులు వచ్చే మాట నిజమే. ఎవరికి వస్తాయన్నదే అసలు సంగతి. ఎక్కువగా వచ్చేది, రక్తంలో అప్పటికే ఫైలేరియా సూక్ష్మ పురుగులు తిరుగుతున్నవారికి. మందు తగిలి అవి ఒక్కసారిగా చచ్చేసరికి ఒళ్లు అలా స్పందిస్తుంది. ఆ రాత్రి వణికిన మనిషికి బిళ్ల జబ్బు తేలేదు, ఉన్న జబ్బును బయటపెట్టింది. కాలు ఇంకా వాయలేదు కాబట్టి తనకేమీ లేదనుకుంటున్న ఆ మనిషికే మందు అందరికంటే ఎక్కువ అవసరం. ఊరు మాత్రం అతని జ్వరాన్ని చూపించి మిగతావాళ్లను కూడా మందు మానిపించింది.

టీకా తేదీ దగ్గరపడే కొద్దీ కలిగే గుబులును వెక్కిరించడం హేతువాదం అనిపించుకోదు. ఒంట్లోకి ఏం వెళుతోంది, వెళ్లాక ఏమవుతుంది అని అడగడం బుద్ధి ఉన్నవాళ్లు చేసే పనే. తప్పంతా జవాబు వెతికే దారిలో ఉంది. ముందు ఒకటి జరిగింది, తర్వాత మరొకటి జరిగింది, కాబట్టి దీనికి అదే కారణం. మన తార్కికులు ఈ పొరపాటును ఏనాడో పట్టుకుని కాకతాళీయం అన్నారు: తాడిచెట్టు మీద కాకి వాలిన క్షణంలోనే పండు రాలితే, కాకి బరువుకే రాలిందని చూసినవాడు ఒట్టేసి చెబుతాడు. మందపల్లి శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించాక ఉద్యోగం వచ్చినవారు పదిమందికి చెబుతారు. చేయించినా రానివారు ఊరుకుంటారు, లేదా శని ఇంకా వదల్లేదని సర్దుకుంటారు. టీకా దగ్గరికొచ్చేసరికి ఇదే పద్ధతి తలకిందులుగా పనిచేస్తుంది. అక్కడ జరిగిన మేలే కథగా మిగిలితే, ఇక్కడ జరిగిన కీడే కథగా మిగులుతుంది. సూది వేయించుకుని మర్నాడు యథాప్రకారం కొబ్బరి తోటలోకి వెళ్లి పని చేసుకున్నవాడి సంగతి అరుగు మీద ఎవరు చెప్పుకుంటారు? అది వార్తే కాదు. ఇలాంటి వార్త కాని మనుషులు లక్షల్లో ఉంటారు, వాళ్లను లెక్కలోకి తీసుకోనంతకాలం ఏ భయానికీ కొలత దొరకదు.

కాబట్టి ఒక చిన్న లెక్క. ఇప్పటి కోనసీమ జిల్లా పరిధిలో 2011 జనాభా లెక్కల ప్రకారమే సుమారు 17 లక్షల మంది ఉన్నారు. ఏడాదికి వెయ్యి మందిలో ఆరుగురు చనిపోతారనుకుంటే ఏడాదికి 10,000 పైన, అంటే రోజుకు 28 మంది. ఏ మహమ్మారీ లేని ఏడాదిలోనూ గుండెపోటు, పక్షవాతం, రోడ్డు ప్రమాదం, ముసలితనం తీసుకుపోయేవాళ్లు వీళ్లు. ఒక ఆదివారం నాడు రాజోలు నుంచి కొత్తపేట దాకా జిల్లాలో ప్రతి ఒక్కరికీ ఉత్త నీళ్ల సూది వేశామనుకోండి. వచ్చే ఆదివారం లోపల దాదాపు 200 మంది చనిపోతారు. చాలా ఊళ్లలో ఏదో ఒక ఇంట్లో "సూది వేయించుకున్న మూడో రోజే" అనే మాట వినిపిస్తుంది. ఆ ఇంటివాళ్ల దుఃఖం నిజం, వాళ్లు చెప్పే తేదీలు నిజం, వాళ్లు తీసిన కారణం మాత్రం నిజం కాదు. అసలు కోవిడ్ టీకా మామూలు జనాభాలో మొదట వేసింది ఎవరికి? 2021 మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి, 45 దాటి బీపీ, షుగరు లాంటి జబ్బులున్నవారికి. మృత్యువుకు ఎక్కువ దగ్గరగా ఉన్నవారినే వరుసలో ముందు నిలబెట్టాం. వారిలో మరణాలు కనబడటం ఆశ్చర్యం కాదు. వేయించుకోని అదే వయసువారికంటే ఎక్కువ కనబడ్డాయా అన్నదే అడగవలసిన ప్రశ్న.

2021 ఏప్రిల్‌లో తమిళ హాస్యనటుడు వివేక్ టీకా వేయించుకున్న రెండో రోజున గుండెపోటుతో పోయినప్పుడు, డబ్బింగ్ సినిమాల్లో ఆయన్ని చూసిన తెలుగువాళ్లలోనూ అలజడి రేగింది. దుష్ఫలితాలను పరిశీలించే జాతీయ కమిటీ ఆ మరణానికీ టీకాకూ సంబంధం లేదని తేల్చేసరికి నెలలు గడిచాయి. పుకారుకు అన్ని నెలలు అక్కర్లేదు. తర్వాత, పడుచువాళ్లు ఉన్నట్టుండి కుప్పకూలిపోతున్నారన్న మాట ఊరూరా పాకింది. 18 నుంచి 45 ఏళ్ల లోపు ఆకస్మిక మరణాల మీద భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల నుంచి 729 కేసులు తీసుకుని, అదే వయసులో అదే ప్రాంతంలో బతికున్నవారితో పోల్చి చూసింది. 2023లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం టీకా ముప్పు పెంచలేదు. రెండు డోసులు వేయించుకున్నవారిలో ముప్పు తక్కువగానే కనబడింది. ముప్పు పెంచినవి వేరే: గతంలో కోవిడ్‌తో ఆసుపత్రి పాలవడం, కుటుంబంలో ఆకస్మిక మరణాల చరిత్ర, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, భారీ శ్రమ చేయడం లాంటివి. ప్రభుత్వ సంస్థ అలా అనక ఇంకెలా అంటుందని కొట్టిపారేయవచ్చు. అయితే ఆ అధ్యయనం ఎవరిని ఎవరితో ఎలా పోల్చిందో బయటపెట్టింది. కాదనేవాళ్లు అంతకంటే మంచి పోలిక చూపించాలి. సంస్థ మీద అనుమానం ఉన్నంత మాత్రాన పక్కింటివాళ్ల వాట్సాప్ సందేశం రుజువైపోదు.

టీకాకు వేసే ప్రశ్నల్లో పదో వంతైనా మనం మిగతావాటికి వేస్తామా? 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కు ఆనందయ్య ఇచ్చే మూలికల మందు కోసం వేలాది మంది ఎగబడ్డారు. అప్పటికి ఎంతమంది మీద పరీక్షించారు, ఎంతమందికి వికటించింది, కళ్లలో వేసే చుక్కలు కళ్లకేం చేస్తాయి అని వరుసలో నిలబడినవారు అడిగినట్టు కనబడదు. ఆ నెలాఖరున ప్రభుత్వం మిగతా మందులకు అనుమతిస్తూ కంటి చుక్కల్ని మాత్రం మినహాయించింది. ఆకులూ మూలికలే కదా అన్నది అప్పటి ధీమా. గన్నేరు కాయ కూడా చెట్టుదే, ఉమ్మెత్త విత్తనమూ చెట్టుదే. ఈ ధీమాకు వెనక ఇంకా పాత అలవాటు ఒకటి ఉంది. మశూచిని అమ్మవారు పోసిందనే రోజుల్లో వేపమండలు కట్టి, మొక్కులు మొక్కి, జాతర చేసినా బిడ్డ దక్కకపోతే, తప్పు అమ్మవారిది కాదు. మడి తప్పిన తల్లిదో, మొక్కు ఎగ్గొట్టిన తాతదో అయ్యేది. సూది వేశాక ఏ కీడు జరిగినా తప్పు సూదిదే. అమ్మవారికి ఎన్నడూ ఓటమి ఉండదు, సూదికి ఎన్నడూ గెలుపు ఉండదు. ఈ పక్షపాతంతోనే చూస్తే, మన దేశంలో 1975 తర్వాత మశూచి ఎందుకు లేకుండా పోయిందో చెప్పలేం. 1975కు ముందు జాతరలు జరిగాయి, తర్వాతా జరుగుతూనే ఉన్నాయి. ఊరూరా తిరిగి రోగుల్ని వెతికి టీకాలు వేసిన పని మాత్రమే కొత్తది.

ఇక గుబులు తానే చేసే పని ఒకటుంది. కోవిడ్ టీకాల ప్రయోగ పరీక్షల్లో సగం మందికి అసలు టీకా, సగం మందికి మందు లేని సూది వేస్తారు, ఎవరికేది వేశారో వాళ్లకు చెప్పరు. అలాంటి 12 పరీక్షల్లో పాల్గొన్న 45,000 మందికి పైగా వివరాల్ని కలిపి చూసిన విశ్లేషణ 2022 జనవరిలో వచ్చింది. మొదటి డోసుగా మందు లేని సూది వేయించుకున్నవారిలోనే 35 శాతం మంది తలనొప్పి, నీరసం లాంటివి చెప్పారు. అసలు టీకా మొదటి డోసు తర్వాత జనం చెప్పిన ఇలాంటి బాధల్లో మూడొంతుల దాకా మందుతో నిమిత్తం లేకుండా వచ్చేవేనని ఆ విశ్లేషకుల అంచనా. ఇది నాటకమని ఎవరూ అనలేదు. ఆ తలనొప్పి నిజంగానే నొప్పి పెడుతుంది. ఏదో అవుతుందని కాచుకు కూర్చున్న మనిషి, మామూలు రోజుల్లో పట్టించుకోని గుండెదడను, నిద్రలేమి నీరసాన్ని ఆ రోజు పట్టి పట్టి చూసుకుంటాడు. దడ వల్ల భయం, భయం వల్ల మరింత దడ. సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయేవారి విషయంలోనూ చాలాసార్లు కారణం భయమే. సూదికి ముందే పడిపోయేవాళ్లున్నారు, పాపం వాళ్లకు మందు ఇంకా ఒంట్లోకే వెళ్లలేదు.

అయితే దుష్ఫలితాలన్నీ భ్రమేనా? కానే కాదు, అలా చెప్పే ప్రచారకుడు టీకా వ్యతిరేకికంటే ఎక్కువ హాని చేస్తాడు. 2021 జూన్‌లో జాతీయ కమిటీ 31 తీవ్ర ఘటనల్ని పరిశీలించి, 68 ఏళ్ల వృద్ధుడొకరి మరణానికి టీకా తర్వాత వచ్చిన అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన ఎలర్జీయే కారణమని ఒప్పుకుంది. కోవిషీల్డ్ తర్వాత అరుదుగా రక్తం గడ్డకడుతుందన్నదీ నిజమే. ఆ టీకా అసలు కంపెనీ ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో ఆ సంగతి అంగీకరించిందని 2024లో పత్రికలు రాసేసరికి ఇదేదో ఇన్నాళ్లూ దాచిన రహస్యం అన్నట్టు గగ్గోలు పుట్టింది. మన ప్రభుత్వమే 2021 మేలో, అప్పటికి వేసిన డోసుల్లో పది లక్షలకు 0.61 చొప్పున అలాంటి కేసులు కనబడ్డాయని ప్రకటించింది. బ్రిటన్‌లో నాలుగు, జర్మనీలో పది అని కూడా అదే ప్రకటనలో ఉంది. మన దగ్గర కేసులు నమోదు చేసే తీరు ఎంత లోపభూయిష్టమో తెలుసు కాబట్టి జర్మనీ అంకెనే తీసుకుందాం. పది లక్షలకు పది. దాని పక్కన కోవిడ్‌ను పెట్టాలి. సుమారు 5 కోట్ల మంది ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాలే 14,000 దాటాయి, అంటే పది లక్షలకు 280. రాష్ట్రంలో ఎక్కువ కేసులు నమోదైంది, కోనసీమ అప్పట్లో భాగంగా ఉన్న తూర్పుగోదావరి జిల్లాలోనే. ముప్పు లేని దారి ఏదీ లేదు, రెండు ముప్పుల్లో చిన్నది ఎంచుకోవడమే. రోజూ పంటు మీద గోదావరి దాటే, నిట్టనిలువు కొబ్బరిచెట్టెక్కి దింపు తీసే, 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలడం చూశాక కూడా అలాంటి పైపులైన్ల పక్కన కాపురముండే మనుషులకు ఈ ఎంపిక కొత్తేమీ కాదు. అలవాటైన ముప్పు ముప్పులా కనబడదు, అంతే.

ఆ పదిమందిలో మా బిడ్డే ఉంటే మాకది నూటికి నూరు కదా అనే మాటకు అంకెలతో జవాబు లేదు. దానికి జవాబు చెప్పవలసింది ప్రభుత్వం. అందరి మేలు కోసం అందరినీ వేయించుకోమన్నప్పుడు నష్టపోయిన ఏ ఒక్కరి భారాన్నయినా అందరూ మోయాలి. టీకా తర్వాత కూతుళ్లను పోగొట్టుకున్న తల్లిదండ్రుల కేసులో కేంద్రం 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టుకు చెప్పింది వేరు: టీకా స్వచ్ఛందం, మరణాలకు బాధ్యత తమది కాదు, కావాలంటే సివిల్ దావా వేసుకోవచ్చు అని. నెలల తరబడి ఊదరగొట్టిన ప్రచారం తర్వాత ఈ మాట వినే మనిషి రేపు మరో టీకా తేదీ నాడు వెనకడుగు వేస్తే ఆ తప్పు మొత్తం అతని మీదే వేయలేం.

భద్రాచలం సంగతి ఇంకా చేదు. 2009లో, భద్రాచలం అప్పట్లో ఉన్న ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికన్ సంస్థ, వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశాయి. అక్కడా, గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆ పథకం ఆగింది. విచారణలో ఒకరు నీటిలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియాతో పోయారని తేలింది. మిగతా ఇద్దరి విషయం అంత స్పష్టంగా తేలలేదు. టీకాయే చంపిందనడానికి ఆధారం దొరకలేదు. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టిన సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు, 1,948 మీద వేలిముద్రలు మాత్రమే ఉన్నాయి. పిల్ల ఒంట్లోకి మందు పంపడానికి తల్లిదండ్రుల్ని అడగనివాళ్లు, ఆ పిల్ల చనిపోయాక "సంబంధం లేదు" అంటే ఎవరు నమ్ముతారు? ఇక్కడ సైన్స్ సరైనదే చెప్పింది, దాన్ని చెప్పే అర్హత మాత్రం చెప్పేవాళ్లు ముందే పోగొట్టుకున్నారు. ఆ టీకా మంచిదని చెప్పడానికి ఎన్నో దేశాల అనుభవం ఉంది. అలాంటి టీకా మీద ఇన్నేళ్లు నీలినీడ పడటానికి సగం కారణం ఆ వార్డెన్ల సంతకాలే.

అందుకే గ్రామ సచివాలయంలోనో, పీహెచ్‌సీలోనో కుర్చీలో కూర్చునే ముందు మనిషి అడగవలసినవి అడగాలి, ఏఎన్‌ఎం విసుక్కోకుండా చెప్పాలి. చెయ్యి నొప్పి పెడుతుంది, ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, పారాసెటమాల్ వేసుకుంటే సరిపోతుంది. జ్వరం రాకపోతే ఉత్తుత్తి సూది వేశారని అర్థం కాదు. ఇంతకుముందు ఏ మందుకైనా, టీకాకైనా ఒళ్లు దద్దుర్లెక్కి ఊపిరాడని స్థితి వచ్చి ఉంటే ముందే చెప్పి తీరాలి. ఆ తర్వాత వారాల్లో తీవ్రమైన తలనొప్పి తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, కాలు వాపు కనిపించినా తాయెత్తు దగ్గరికి పోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. సూది వేశాక అరగంట కూర్చోమనేది ఆ అరుదైన ఎలర్జీ సాధారణంగా ఆ వ్యవధిలోనే బయటపడుతుంది కాబట్టి, వెంటనే ఇవ్వవలసిన ఎడ్రినలిన్ అక్కడే ఉండాలి కాబట్టి. ఆ ఇంజక్షన్ అక్కడ ఉందో లేదో అడిగి చూడవచ్చు. లేదంటే మాత్రం, టీకా మీద కోపం పెట్టుకోకుండా, ఆ కేంద్రం నడిపేవాళ్లతో గట్టిగా తగువు పెట్టుకోవాలి.