లైనరు కొలవందే మార్చొద్దు

ఆయిల్ ఇంజను పొగ కక్కిందంటే మెకానిక్ లైనరులో వేలు తిప్పి 'అరిగింది, మార్చాల్సిందే' అంటాడు. రైతు తలూపుతాడు. కొలవకుండా డబ్బెందుకు పెట్టాలి? అలాగని మైక్రోమీటరు, బోర్ గేజి మనం కొననక్కర్లేదు. ట్యాపెట్లు సరిచేసే ఫీలర్ గేజి చాలు. రేకులు వంగనిది, తుప్పు పట్టనిది చూసి తీసుకోండి.

కొత్త రింగును లైనరులో పెట్టి, పిస్టనుతో సమంగా తోసి, కొసల మధ్య సందు కొలవండి. పైఅంచుకు కాస్త దిగువన ఒకసారి, రింగులు తాకని అడుగున మరోసారి. తేడాను 3.14తో భాగిస్తే అరుగుదల తెలుస్తుంది. తేడా 0.30 మిల్లీమీటర్లుంటే అరిగింది దాదాపు 0.10. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన హద్దు దాటిందో లేదో అప్పుడు చూడండి.

బోరు కోడిగుడ్డులా అరిగితే మాత్రం ఇది పట్టుకోలేదు. కొలత హద్దు దగ్గరికొస్తే లేతు షాపులో బోర్ గేజితో అడ్డంగా, నిలువుగా కొలిపించాల్సిందే.